మూలుగలో రక్త మూలకణాల నియంత్రణ

రక్తం పుట్టేది ఎముకల్లో. పెద్దవాళ్లలో కటి ఎముకలు, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, పుర్రె, తొడ ఎముక పైకొనల లోపల ఉండే ఎర్ర మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్ర రక్తకణాలను తయారుచేస్తుంది. అంటే సెకనుకు 20 లక్షల పైమాటే. ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు దీనికి అదనం. ఇంత ఉత్పత్తికీ మొదలు రక్త మూలకణం. దానికి రెండు శక్తులున్నాయి. తనలాంటి మూలకణాన్నే మళ్లీ పుట్టించగలదు. రక్తంలోని ఏ రకం కణంగానైనా మారగల సంతానాన్నీ ఇవ్వగలదు.

మూలుగలోని కణాల్లో పదివేలకు ఒక్కటి కూడా మూలకణం కాదు. 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న 59 ఏళ్ల వ్యక్తి రక్తకణాల జన్యుక్రమాలను చదివి, వాటిలో పేరుకున్న మార్పులను బట్టి ఆ కణాల వంశవృక్షం గీశారు. అతని రక్తానికి ఆధారమైన మూలకణాలు 50,000 నుంచి 2,00,000 వరకు ఉంటాయని తేల్చారు. ఒక నిండు జీవితానికి సరిపడే రక్తాన్ని ఇంత కొద్ది కణాలు ఇవ్వాలి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏలో తప్పు దొర్లే ప్రమాదం ఉంటుంది కాబట్టి అసలు మూలకణం ఎక్కువకాలం నిద్రలోనే గడుపుతుంది. మనిషిలో అది సగటున 40 వారాలకోసారి విభజన చెందుతుందని ఒక అంచనా. రోజువారీ పని భారమంతా దాని సంతానమైన మధ్య తరాల కణాలే మోస్తాయి.

మూలకణాన్ని నిద్రపుచ్చేది ఎవరు, అవసరమైనప్పుడు లేపేది ఎవరు, లేచినదాన్ని మళ్లీ పడుకోబెట్టేది ఎవరు? నియంత్రణ అంటే ఈ మూడు ప్రశ్నలే. అరవై ఏళ్ల పరిశోధన చెప్పిన జవాబు ఏమిటంటే, కణం లోపలి జన్యువుల పాత్ర ఎంత ఉందో, దాని చుట్టూ ఉన్న ఇరుగుపొరుగు పాత్రా అంతే ఉంది. రక్తహీనత మొదలు రక్త క్యాన్సర్ దాకా చాలా జబ్బులను ఈ వెలుగులో చూస్తేనే సరిగా అర్థమవుతాయి.

ఈ విషయాన్ని జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నుంచి చూడటానికి తగిన కారణాలున్నాయి. లుకేమియా పరిశోధనకు డబ్బిచ్చిన ప్రపంచపు తొలి తరం సంస్థల్లో ఒకదానికి ఈ నగర నిర్మాతల ఇంటి విషాదమే పునాది. నగరం చుట్టూ ఉన్న సింగ్‌భూమ్ పల్లెల్లో సికిల్ సెల్ వ్యాధి, మలేరియా, పోషకాహార రక్తహీనత మూడూ ఉన్నాయి. మూలుగను దెబ్బతీస్తుందని రుజువైన బెంజీన్ ఉక్కు పరిశ్రమకు తప్పని తోడు.

నగరం, వజ్రం, లుకేమియా

సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లె దగ్గర కట్టిన కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెట్‌జీ టాటా పేరు పెట్టారు. కర్మాగారాన్ని నిలబెట్టినవారు ఆయన పెద్ద కుమారుడు దొరాబ్జీ. 1924లో జీతాలకు కూడా డబ్బు చాలని పరిస్థితి వచ్చినప్పుడు ఆయన సొంత ఆస్తిని ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. కుదువపెట్టిన వాటిలో భార్య మెహర్‌బాయి ధరించే 245 క్యారెట్ల జూబిలీ వజ్రం కూడా ఉంది.

మెహర్‌బాయి 1931 జూన్‌లో బ్రిటన్‌లోని వేల్స్‌లో లుకేమియాతో కన్నుమూశారు. అప్పట్లో ఆ జబ్బుకు ఎక్స్-రేలు, ఆర్సెనిక్ ద్రావణం తప్ప వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేదు. 1932 ఏప్రిల్‌లో దొరాబ్జీ ఆమె పేరిట లేడీ టాటా మెమోరియల్ ట్రస్టును ఏర్పాటు చేశారు. ట్రస్టు ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు లుకేమియాపై ఏ దేశంలో పరిశోధన జరిగినా అక్కడికే వెళ్లాలి. మిగతా వంతు భారతదేశంలోని శాస్త్ర పరిశోధనకు. రెండు నెలలకే దొరాబ్జీ కూడా పోయారు. వజ్రాన్ని అమ్మిన డబ్బు ఆయన పేరిట ఉన్న మరో ట్రస్టుకు చేరింది. ఆ ట్రస్టు 1941లో ముంబైలో ప్రారంభించిన టాటా మెమోరియల్ ఆస్పత్రిలోనే 1983 మార్చిలో దేశంలో తొలి మూలుగ మార్పిడి జరిగింది. జంషెడ్‌పూర్‌లో మెహర్‌బాయి పేరుతో క్యాన్సర్ ఆస్పత్రి 1975లో వచ్చింది.

సంపన్న కుటుంబాలు ఆస్పత్రులు కట్టించడం మన దేశంలో కొత్త కాదు. కానీ జబ్బుకు కారణమే తెలియని రోజుల్లో, ఫలితం తమ జీవితకాలంలో రాదని తెలిసి కూడా మూల పరిశోధనకు డబ్బు పెట్టడం వేరు. అది కూడా పరాయి దేశాల ప్రయోగశాలలకు. ఆ నిర్ణయం ఆస్పత్రి కట్టించడం కంటే గొప్పదని ఈ వ్యాసకర్త నమ్మకం.

విత్తనం, నేల

మూలుగపై శాస్త్రలోకం చూపు పడింది అణుబాంబుల తర్వాత. హిరోషిమాలో పేలుడు నుంచి బయటపడినవారిలో చాలామంది కొన్ని వారాలకు నెత్తురు కారి, ఇన్‌ఫెక్షన్లు సోకి చనిపోయారు. రేడియేషన్ వాళ్ల మూలుగను ఖాళీ చేసింది. చావుకు చాలినంత రేడియేషన్ తగిలిన ఎలుకకు ఆరోగ్యంగా ఉన్న ఎలుక మూలుగ ఎక్కిస్తే బతుకుతుందని 1950ల మొదట్లోనే తేలింది. ఆ మూలుగలో ప్రాణం పోసింది ఏమిటన్నది మాత్రం వెంటనే తెలియలేదు.

జవాబు టొరంటోలో దొరికింది. ఎర్నెస్ట్ మెకలక్ రక్తవ్యాధుల వైద్యుడు, జేమ్స్ టిల్ భౌతిక శాస్త్రవేత్త. మూలుగ ఎక్కించిన ఎలుకలను ఒక ఆదివారం పరీక్షిస్తున్న మెకలక్‌కు వాటి ప్లీహం మీద చిన్నచిన్న బుడిపెలు కనిపించాయి. ఎన్ని కణాలు ఎక్కిస్తే బుడిపెలు అన్ని ఎక్కువ. రెండింటికీ లెక్క కుదిరింది. ఒక్కో బుడిపె ఒక్కో కణం సంతానమని వారు 1961లో ప్రతిపాదించారు. 1963లో క్రోమోజోముల గుర్తులతో దాన్ని రుజువు చేశారు.

తర్వాతి ప్రయోగాలు వాటికన్నా అందమైనవి. పుట్టుకతోనే రక్తహీనత ఉన్న రెండు రకాల ఎలుకలు జన్యుశాస్త్రజ్ఞుల దగ్గర ఉండేవి. ఒకదాన్ని డబ్ల్యూ అనేవారు, రెండోదాన్ని దాని బొచ్చు రంగును బట్టి స్టీల్ అనేవారు. పైకి రెండింటి జబ్బూ ఒకటే: రక్తం చాలదు, బొచ్చుకు రంగు చాలదు, సంతానశక్తి తక్కువ. డబ్ల్యూ ఎలుకకు మామూలు ఎలుక మూలుగ ఎక్కిస్తే రక్తహీనత పోయింది. స్టీల్ ఎలుకకు అదే మూలుగ ఎక్కిస్తే ఫలితం లేదు. అసలు ఆశ్చర్యం ఆ తర్వాత: జబ్బుపడ్డ స్టీల్ ఎలుక మూలుగను డబ్ల్యూ ఎలుకకు ఎక్కిస్తే డబ్ల్యూ కోలుకుంది. అంటే స్టీల్ ఎలుక మూలకణాల్లో ఏ లోపమూ లేదు, అవి ఉన్న చోటే లోపం. డబ్ల్యూలో విత్తనం చెడింది, స్టీల్‌లో నేల చెడింది. 1960ల్లో తేలిన ఈ తేడా అణువుల స్థాయిలో అర్థం కావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. స్టీల్ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను ఇప్పుడు మూలకణ కారకం అంటున్నారు. పొరుగు కణాలు దాన్ని అందిస్తాయి. మూలకణం పైన దాన్ని అందుకునే గ్రాహకం సీ-కిట్, డబ్ల్యూ జన్యువు తయారుచేసేది దాన్నే. ఒకే సంభాషణలో మాట్లాడేవారి లోపం ఒక ఎలుకది, వినేవారి లోపం ఇంకో ఎలుకది.

మాంచెస్టర్ శాస్త్రవేత్త రే స్కోఫీల్డ్ 1978లో ఈ ఆలోచనకు పూర్తి రూపమిచ్చారు. ప్లీహం బుడిపెల్లోని కణాలు మూలుగలోని కణాల్లా కలకాలం నిలవకపోవడం ఆయనను ఆలోచనలో పడేసింది. మూలకణానికి ఆ లక్షణం పుట్టుకతో శాశ్వతంగా వచ్చేది కాదని, ఒక ప్రత్యేకమైన గూటిలో ఉన్నంతకాలమే అది మూలకణంగా మిగులుతుందని, గూడు వదిలితే పరిణతి దారి పడుతుందని ఆయన రాశారు. ఆ గూటిని కంటితో చూడటానికి మరో పాతికేళ్లు పట్టింది.

గూటిలో ఎవరెవరు

మూలుగ పరీక్ష చేయించుకున్నవారికి ఆ పదార్థం ఎలా ఉంటుందో తెలుసు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెడతారు. నడుము కింద కటి ఎముక వెనుక అంచును వేలితో తడిమి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావుపాటి సూదిని అటూ ఇటూ తిప్పుతూ ఎముకలోకి దింపుతారు. గట్టి పొర దాటగానే చేతికి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. సిరంజితో లాగిన క్షణంలో రోగికి కాలు జివ్వుమంటుంది. మత్తు చర్మానికీ ఎముక పైపొరకూ పనిచేస్తుంది గానీ లోపలి మూలుగకు చేరదు. సిరంజిలోకి వచ్చేది చిక్కటి రక్తం. గాజుపలక మీద వంచితే రక్తం జారిపోయి, కొవ్వు మెరుపుతో సన్నటి రేణువులు మిగులుతాయి. ఆ రేణువులే మూలుగ. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే నిండా ఎదుగుతున్న ఎర్రకణాలు, తెల్లకణాలు కనిపిస్తాయి. మధ్యమధ్య అన్నిటికంటే పెద్దగా, వంకరటింకర కేంద్రకంతో ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకార్యోసైట్లు ఉంటాయి. మూలకణం మాత్రం ఇక్కడ గుర్తుపట్టలేనంత మామూలుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, సూదితో లాగినప్పుడే గూడు చెదిరిపోతుంది. ఏ కణం పక్కన ఏ కణం ఉందో ఆ పలక చెప్పలేదు.

అందుకే గూటి గురించి తెలిసింది చాలావరకు ఎలుకల ఎముకలను యథాతథంగా కోసి, ఒక్కో కణానికీ ఒక్కో రంగు మెరిసేలా చేసి చూడటం వల్ల. 2003లో నేచర్ పత్రిక ఒకే సంచికలో అచ్చేసిన రెండు పరిశోధనలు ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలే గూడు అన్నాయి. ఆ కణాలు పెరిగితే మూలకణాలూ పెరిగాయి. రెండేళ్లకే ఆ బొమ్మ మారింది. షాన్ మారిసన్ బృందం మూలకణాలను కచ్చితంగా గుర్తుపట్టే కొత్త గుర్తులతో వెతికితే, ఎక్కువ భాగం ఎముక గోడకు దూరంగా, సైనసాయిడ్లు అనే పలచటి గోడల రక్తనాళాల పక్కన కనిపించాయి. 2012లో అదే బృందం మూలకణ కారకాన్ని ఒక్కో రకం పొరుగు కణంలో విడివిడిగా తీసేసి చూసింది. ఆస్టియోబ్లాస్ట్‌లలో తీసేస్తే మూలకణాలకు ఏమీ కాలేదు. రక్తనాళాల గోడ కణాల్లోనో, ఆ గోడను అంటిపెట్టుకున్న కొమ్మలు చాచిన కణాల్లోనో తీసేస్తే మూలకణాలు తరిగిపోయాయి. ఎముక గోడ ప్రధానంగా లింఫ్ కణాల పూర్వీకులను పోషిస్తుందని ఇప్పటి అవగాహన. 2003 నాటి ఫలితాలు పూర్తిగా తప్పని కాదు, ఎముక కణాల ప్రభావం చాలావరకు పరోక్షం. పాత పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఆస్టియోబ్లాస్ట్ గూడు బొమ్మే ఉంది, దాన్ని మార్చాలి.

రక్తనాళాల పక్కనున్న ఈ కొమ్మల కణాలు మరో అణువును కూడా వదులుతాయి. దాని పేరు సీఎక్స్‌సీఎల్12. మూలకణం పైనున్న సీఎక్స్‌సీఆర్4 గ్రాహకం దాన్ని పట్టుకుని గూటిలో నిలుస్తుంది. ఒక రకంగా మూలుగ వైద్యమంతా ఈ పట్టు మీదే ఆధారపడి ఉంది.

ఆక్సిజన్ సంగతి ఊహకు అందనిది. మూలుగ నిండా రక్తనాళాలే అయినా లోతుల్లో ఆక్సిజన్ చాలా తక్కువ. ధమనుల్లో అది సుమారు 100 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉంటే, బతికున్న ఎలుక పుర్రె ఎముకలో 2014లో కొలిచినప్పుడు మూలుగలో కొన్నిచోట్ల 10కి దగ్గరగా ఉంది. చుట్టూ ఉన్న కణాలు ఆక్సిజన్‌ను అంతగా వాడేస్తాయి. మూలకణం ఆ లేమికి అలవాటుపడి, ఆక్సిజన్ అంతగా అక్కర్లేని పద్ధతిలో చక్కెరను కరిగించుకుంటుంది. దానివల్ల డీఎన్‌ఏను దెబ్బతీసే ఆక్సిజన్ ఉప ఉత్పత్తులు తక్కువగా పుడతాయి.

నిద్రపుచ్చే పొరుగువారిలో మెగాకార్యోసైట్లు ముఖ్యమైనవి. అవి టీజీఎఫ్-బీటా, సీఎక్స్‌సీఎల్4 అనే సంకేతాలతో మూలకణాన్ని ఊరుకోబెడతాయని 2014లో రెండు బృందాలు చూపించాయి. కీమోథెరపీ తర్వాత మాత్రం అవే కణాలు మూలకణాల పెరుగుదలకు ఊతమిస్తాయి. తన సంతానమే తనను నియంత్రించడం ఇక్కడి విశేషం. కొవ్వు కణాలది ద్విపాత్ర. మామూలు రోజుల్లో కొవ్వు పెరిగిన మూలుగలో రక్తోత్పత్తి మందగిస్తుంది. రేడియేషన్ దెబ్బ తగిలాక అవే కొవ్వు కణాలు మూలకణ కారకాన్ని అందించి కోలుకోవడానికి తోడ్పడతాయి.

దూరం నుంచి వచ్చే ఆదేశాలూ ఉన్నాయి. కాలేయం తయారుచేసే థ్రాంబోపోయిటిన్ ప్లేట్‌లెట్ల కోసమే అనుకునేవారు. అది మూలకణాన్ని కూడా నిలబెడుతుందని తర్వాత తెలిసింది. ఆ పని చేసే ఎల్‌ట్రాంబోపాగ్ మాత్రను, ఇతర చికిత్సలకు లొంగని అప్లాస్టిక్ అనీమియా ఉన్న 25 మందికి ఇస్తే 11 మందిలో రక్తకణాలు పెరిగాయని 2012లో ప్రచురించారు. మూలుగ ఎండిపోయిన రోగికి బయటినుంచి ఒక సంకేతం ఇచ్చి మూలకణాన్ని లేపవచ్చని దీనితో తేలింది.

నరాలు, పగలూ రాత్రీ

మూలుగలోకి నరాలు వెళ్తాయని శరీర నిర్మాణ శాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు. ఎందుకు వెళ్తాయో 2006లో పాల్ ఫ్రెనెట్ బృందం చూపించింది. సహానుభూత నాడుల సంకేతం అందకపోతే మూలకణాలు గూడు వదిలి రక్తంలోకి రాలేవు. 2008లో ఇంకో మెట్టు ఎక్కారు. వెలుతురును బట్టి మెదడు నడిపే దైనందిన గడియారం ఈ నరాల ద్వారా మూలుగకు చేరి, సీఎక్స్‌సీఎల్12 మోతాదును రోజులో ఒకప్పుడు తగ్గిస్తూ ఒకప్పుడు పెంచుతుంది. దాంతో రక్తంలో తిరిగే మూలకణాల సంఖ్యకూ ఒక లయ వస్తుంది. పగలు నిద్రపోయే ఎలుకల్లో అది ఉదయం హెచ్చుతుంది, మనిషిలో సాయంత్రం వేళ. ఎలుకలను ఆగని వెలుతురులో ఉంచితే ఆ లయ చెదిరిపోయింది. కర్మాగారం సైరన్‌ను బట్టి మూడు షిఫ్టులుగా బతికే ఉక్కు నగరంలో రాత్రి షిఫ్టు మనుషుల మూలుగను ఈ దృష్టితో చూడాల్సిన అవసరం ఉంది.

నరాలను చుట్టుకుని ఉండే ష్వాన్ కణాల్లో ఒక రకం టీజీఎఫ్-బీటాను చురుకుచేసి మూలకణాన్ని నిద్రలో ఉంచుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2011లో కనుగొన్నారు. క్యాన్సర్ మందుల్లో కొన్ని నరాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ మూలుగ తిరిగి కోలుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుందని ఎలుకల్లో రుజువైంది. తిమ్మిర్లతో బాధపడే కీమోథెరపీ రోగికి రక్తకణాలు మెల్లగా పెరగడం వెనుక ఇదీ ఒక కారణం కావచ్చు.

ఈ రంగంలో భారతీయుల ముద్ర పండ్ల ఈగ మీద ఉంది. ఈగ లార్వాలోని లింఫ్ గ్రంథిలో కూడా రక్త పూర్వకణాలకు ఒక గూడు ఉందని 2007లో ఉత్పల్ బెనర్జీ ప్రయోగశాల నుంచి లోలితిక మండల్ మొదటి రచయితగా వచ్చిన వ్యాసం నిరూపించింది. ఆమె తర్వాత మొహాలీలోని ఐసర్‌లో ఆ పని కొనసాగించారు. గూడు అనే ఏర్పాటు వెన్నెముక ఉన్న జీవులకంటే పాతదని దీనితో తేలింది.

మేలుకొలుపు, అలసట

జ్వరం వస్తే మూలుగ మేలుకుంటుంది. వైరస్‌కు జవాబుగా పుట్టే ఇంటర్‌ఫెరాన్ నిద్రలో ఉన్న మూలకణాలను నేరుగా లేపుతుందని 2009లో తెలిసింది. ఒకసారి లేవడం మేలే. పదేపదే లేస్తే మూలకణం అలసి, తిరిగి తనలాంటిదాన్ని పుట్టించే శక్తి కోల్పోతుంది. దీర్ఘకాలం ఇన్‌ఫెక్షన్ ఉన్న ఎలుకల్లో ఇది స్పష్టంగా కనిపించింది. 2020లో లండన్‌కు చెందిన క్రిస్టినా లో చెల్సో బృందం మలేరియా సోకిన ఎలుకల మూలుగను బతికుండగానే చూసింది. ఎముక కణాలు నశించాయి, రక్తనాళాల గోడలు కారడం మొదలుపెట్టాయి, మూలకణాలు నిద్ర వదిలాయి. పరాన్నజీవి ఎర్రకణాలను పగలగొట్టడమే కాదు, వాటిని తిరిగి తయారుచేసే చోటును కూడా చెడగొడుతోంది. మలేరియా ఏటా పలకరించే సింగ్‌భూమ్ అడవుల్లో పిల్లల రక్తహీనతను ఇనుము మాత్రల లెక్కగా మాత్రమే చూడకూడదనడానికి ఇది గట్టి ఆధారం.

ఇనుము లెక్క చిన్నదేమీ కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 65 శాతానికి పైగా రక్తహీనత ఉంది. ఫోలిక్ ఆమ్లం కొరత కూడా మూలుగనే పట్టుకుంటుంది. డీఎన్‌ఏ తయారీ కుంటుపడి, ఎర్రకణాల పూర్వీకులు పెద్దవై, పరిణతి చెందకుండా మూలుగలోనే చచ్చిపోతాయి. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఈ జబ్బును లూసీ విల్స్ ఈస్ట్ సారంతో నయం చేశారు. ఆ సారంలోని పదార్థం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తెలిసింది. దాన్ని 1940ల్లో లెడర్లీ సంస్థలో కృత్రిమంగా తయారుచేయించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ముదురుతున్నట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించారు. మెహర్‌బాయి పోయి అప్పటికి 17 ఏళ్లు. సుబ్బారావు ఆ ఆగస్టులోనే మరణించారు. ఆ మందు తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది.

చెడిన పొరుగు

బొగ్గును గాలి తగలకుండా వేడిచేస్తే కోక్ వస్తుంది, దానితోపాటు వచ్చే వాయువుల్లో బెంజీన్ ఉంటుంది. కోక్ ఓవెన్లు ఉన్న ఏ ఉక్కు కేంద్రానికైనా ఇది తప్పదు. బెంజీన్ మూలుగను ఎండగడుతుందని 1897లోనే స్వీడన్‌లో సైకిల్ టైర్ల కర్మాగారంలో పనిచేసిన యువతుల మరణాలతో తెలిసింది. కాలేయంలో అది ఫినాల్ జాతి పదార్థాలుగా మారుతుంది. అవి మూలుగకు చేరాక అక్కడి ఎంజైమ్ వాటిని డీఎన్‌ఏను కొరికే క్వినోన్లుగా మారుస్తుంది. ఎక్కువ మోతాదుకు గురైతే అప్లాస్టిక్ అనీమియా, ఏళ్ల తరబడి గురైతే లుకేమియా రావచ్చు. 1987లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ పనిచోట గాలిలో బెంజీన్ పరిమితిని పది లక్షల భాగాల్లో 10 నుంచి 1కి తగ్గించింది. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవారికి క్రమం తప్పని రక్తపరీక్ష మొక్కుబడి కాకూడదు. తెల్లకణాల సంఖ్య మెల్లగా పడిపోవడమే తొలి హెచ్చరిక.

లుకేమియా మూలకణంలోనే మొదలవుతుందన్నది పాత అవగాహన. 2010లో ఎలుకల ఎముక పూర్వకణాల్లో మాత్రమే డైసర్ అనే జన్యువును తీసేస్తే, ఏ మార్పూ చేయని రక్తకణాల్లో మూలుగ లోపాలు, కొన్నిటిలో లుకేమియా పుట్టాయి. పొరుగు చెడితే కణం చెడుతుందన్నమాట. పుట్టిన లుకేమియా కూడా గూటిని తనకు అనుకూలంగా మార్చుకుని, ఆరోగ్యకరమైన మూలకణాలను పక్కకు నెడుతుంది. వయసు మీద పడితే ఇంకో చిక్కు. 70 దాటినవారిలో పది శాతానికి పైగా మనుషుల రక్తంలో, ఏదో ఒక మార్పు వచ్చిన ఒకే మూలకణం సంతానం లెక్కకు మించి పెరిగి కనిపిస్తుందని 2014లో తేలింది. వాళ్లలో ఎక్కువమందికి లుకేమియా రాదు, గుండెజబ్బు ముప్పు మాత్రం పెరుగుతుంది.

సింగ్‌భూమ్ పిల్లలు, గూటి తాళం

భారతదేశంలో సికిల్ సెల్‌ను తొలిసారి 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల్లో, అప్పటి బిహార్, ఒడిశాల నుంచి వలసవెళ్లిన గిరిజన కూలీల్లో కూడా అది కనిపించింది. నేటి జార్ఖండ్ అప్పటి బిహార్‌లో భాగం. మన్యంలో, భద్రాచలం, ఆదిలాబాద్ అడవుల్లో కూడా ఇదే జబ్బు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని, 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. జార్ఖండ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో ఉన్నాయి.

ఈ వ్యాధి మూలుగలో ఏం చేస్తుందో తక్కువగా మాట్లాడుకుంటాం. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, సికిల్ కణం 10 నుంచి 20 రోజులే. మూలుగ ఆ లోటును పూడ్చడానికి ఎన్నో రెట్లు పనిచేయాలి. వంకరపోయిన కణాలు సైనసాయిడ్లలోనే ఇరుక్కుని మూలుగ ముక్కలను చంపుతాయి. రోగి విలవిల్లాడే ఎముకల నొప్పి అదే. తొడ ఎముక తల చచ్చుబడి, పాతికేళ్లకే కుంటినడక వచ్చేదీ అందుకే. సికిల్ ఎలుకల మూలుగలో రక్తనాళాలు మెలికలు తిరిగి అస్తవ్యస్తంగా ఉంటాయని, రక్తం ఎక్కిస్తే కొంత సర్దుకుంటాయని 2020లో గమనించారు.

నయం చేసే దారి మూలకణాన్ని మార్చడమే. తోబుట్టువు కణజాలం సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. జంషెడ్‌పూర్ కుటుంబాలు ఇందుకోసం కోల్‌కతాకో, టాటానగర్‌లో రైలెక్కి కాట్పాడిలో దిగి వెల్లూరుకో వెళ్తాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ అదే దారి. వెల్లూరు సీఎంసీ 1986లోనే తలసీమియాకు మూలుగ మార్పిడి చేసింది. ఖర్చు భరించలేని తలసీమియా, అప్లాస్టిక్ అనీమియా పిల్లలకు కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన పథకం 10 లక్షల రూపాయల దాకా సాయమిస్తోంది.

ఇప్పుడు చాలా సందర్భాల్లో దాతకు ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. నాలుగైదు రోజులు, తెల్లకణాలను పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఒళ్లూ నడుమూ సలుపుతాయి. మూలుగలో సీఎక్స్‌సీఎల్12 పడిపోయి మూలకణాలు గూడు వదిలి రక్తంలోకి వస్తాయి. ఒక చేతినుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, కావాల్సిన కణాలు పట్టుకుని మిగతాది ఇంకో చేతికి ఎక్కిస్తారు. నాలుగైదు గంటల పని. రోగి బరువు కిలోకు 20 నుంచి 50 లక్షల సీడీ34 అనే గుర్తు ఉన్న కణాలు కావాలి. వాటిని మామూలు రక్తంలాగే సిరలోకి ఎక్కిస్తారు. అవి ఊపిరితిత్తులు, గుండె, శరీరమంతా తిరిగి, సీఎక్స్‌సీఎల్12 ఉన్న చోటును వెతుక్కుని మూలుగకే చేరతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త తెల్లకణాలు కనిపిస్తాయి. ఆ వారాలు ఇంట్లోవాళ్లకు అన్నిటికంటే కష్టమైనవి.

సికిల్ సెల్ రోగి సొంత కణాలనే తీసి సరిచేయాలంటే జీ-సీఎస్‌ఎఫ్ పనికిరాదు. తెల్లకణాలను ఉన్నట్టుండి పెంచి ప్రాణాంతకమైన నొప్పి దాడిని తేగలదు. ఇక్కడే గూటి శాస్త్రం ఆదుకుంది. హెచ్‌ఐవీ మందుగా మొదలై సీఎక్స్‌సీఆర్4ను మూసే ప్లెరిక్సాఫర్ 2008లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక్క మోతాదుతో కొన్ని గంటల్లోనే అది మూలకణాల పట్టు సడలిస్తుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు ఒప్పుకున్న క్యాస్‌జెవీ చికిత్సలో సికిల్ రోగుల కణాలను దీనితోనే తీస్తారు. ఆ కణాల్లో బీసీఎల్11ఏ జన్యువు మీటను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరిస్తే గర్భంలో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. 2025 నవంబరులో ఢిల్లీ ఐజీఐబీ అభివృద్ధి చేసిన దేశీయ క్రిస్పర్ చికిత్సకు గిరిజన నాయకుడు బిర్సా ముండా పేరు మీద బిర్సా 101 అని పేరు పెట్టారు. వెల్లూరులో అలోక్ శ్రీవాస్తవ బృందం హీమోఫీలియా రోగుల మూలకణాల్లో లోపించిన జన్యువును చేర్చి, ఐదుగురిలో రక్తస్రావాలు ఆగాయని 2024 డిసెంబరులో ప్రకటించింది. అంటే మన దేశంలో చేతులున్నాయి, నైపుణ్యం ఉంది.

మిగిలిన పెద్ద అడ్డంకి గూటిని ఖాళీ చేయడం. సరిచేసిన కణాలకు చోటు దొరకాలంటే పాత మూలకణాలు పోవాలి. దానికి ఇప్పుడు వాడే బుసల్ఫాన్ మూలుగతో ఆగదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, సంతానశక్తిని పోగొట్టవచ్చు, కొన్నేళ్లకు మరో క్యాన్సర్‌కు కారణం కావచ్చు. పదేళ్ల పిల్లకు ఆ మందు ఇవ్వాలా వద్దా అని తల్లిదండ్రులు తేల్చుకోవాల్సి రావడం ఈ చికిత్సలోని అతి క్రూరమైన ఘట్టం. సీ-కిట్ గ్రాహకాన్నే గురిపెట్టి, మూలకణాన్ని మాత్రమే గూటినుంచి తొలగించే యాంటీబాడీల మీద మనుషుల్లో పరీక్షలు నడుస్తున్నాయి. అవి నెగ్గితే ఆస్పత్రిలో గడపాల్సిన రోజులు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది, సింగ్‌భూమ్ పిల్లకు చికిత్స తర్వాత తల్లయ్యే అవకాశం మిగులుతుంది.